వడ్లు ఆరబోసిన దారిలో విమల వెనకాల

ఇబ్రహీంపట్నం దాటి మంచాల, ఆరుట్ల మీదుగా అడవిలోకి పోయే దారిలో నేను అంతకుముందు పదకొండుసార్లు సైకిల్ తొక్కాను. ఆ దారి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగి ఉంటే ఎత్తు ఎక్కడ మొదలవుతుందో, దిగుడు ఎక్కడ వస్తుందో, ఏ ముక్కను ఎన్ని నిమిషాల్లో దాటవచ్చో చెప్పేవాణ్ణి. రోడ్డు పక్కన ఏం పండుతుందని అడిగితే మాత్రం జవాబు ఉండేది కాదు. మొన్న నవంబరులో పన్నెండోసారి వెళ్ళాను. ఉదయం బయలుదేరి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసే దారి ఈసారి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల సంగతే ఇది. కానీ పదకొండోసారి ఏం చేశానో చెప్పకుండా పన్నెండోసారి గురించి రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది.

నేను ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. వనస్థలిపురంలో కాపురం. ఆదివారాలు మా చుట్టుపక్కల వాళ్ళం తొమ్మిదిమందిమి సైకిళ్ళ మీద ఊరి బయటికి వెళ్తుంటాం. మా గుంపుకు ఒక నియమం ఉంది. అందరికంటే ఆఖరున ఒకరు తొక్కాలి. అతని వెనక ఎవరూ మిగలకూడదు. ఎవరి టైరులో గాలి పోయినా, ఎవరికి ఆయాసం వచ్చినా అతను వాళ్ళతో ఆగాలి. ఆ మనిషిని తోక అంటాం. పోయిన ఏడాది ఆ ఆదివారం తోక నేను. నా ముందు తొక్కుతున్నది నా భార్య విమల. అంత దూరం రావడం ఆమెకు అదే మొదలు.

అప్పుడూ వరి కోతల కాలమే. అడవి దారిలో బండ్లు తక్కువ కాబట్టి రైతులు తారురోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా అంచు పొడవునా రాళ్ళు పెడతారు. మాబోటి వాళ్ళం మిగిలిన సగంలోంచి దూసుకుపోతాం. ఒక్కోసారి చక్రం గింజల మీదికి పోతుంది, పట్టించుకోం. విమల దేవరకొండ వైపు రైతు బిడ్డ. గింజను తొక్కుతానేమోనని ప్రతి ఆరబోత దగ్గరా దిగి, సైకిల్‌ని రోడ్డు అంచున మట్టిలో నడిపించుకుంటూ పోయేది. దాటాక ఎక్కేది. రెండు వందల గజాల తరవాత మళ్ళీ వడ్లు, మళ్ళీ దిగేది.

అడవి నుంచి కిందికి ఒక పొడుగాటి దిగుడు ఉంది. దాన్ని ఎవరు ఎంత త్వరగా దిగారో ఫోన్‌లో జాబితా కనిపిస్తుంది. నా వయసు వాళ్ళలో నేను రెండో స్థానంలో ఉన్నాను, పదకొండు సెకన్ల తేడాతో. విమల నాలుగో ఆరబోత దగ్గర సైకిల్ దిగినప్పుడు, “నువ్వు మెల్లగ రా. మలుపు కాడ ఉంట,” అన్నాను. మలుపు వచ్చింది. ఆగలేదు.

ఇబ్రహీంపట్నం చెరువు దగ్గర గుంపు వాళ్ళు “విమలక్క ఏదీ?” అని అడిగితే “వెనకే వస్తున్నది” అన్నాను. మొదటి స్థానం వచ్చిందని ఫోన్ అందరికీ చూపించాను కూడా. రెండు గంటల తరవాత ఇబ్రహీంపట్నం దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. మలుపు తిరగగానే ఎదురైన ఆరబోత అంచు రాయికి చక్రం తగిలి పడిందట. ఎడమ ముంజేయి విరిగింది. ఆ వడ్ల తాలూకు కుటుంబం ఆమెను ఇంట్లో పడుకోబెట్టి, చేతికి గుడ్డ కట్టి, ట్రాలీ ఆటోలో దవాఖానకు చేర్చింది. నేను వెళ్ళేసరికి ఆటో అబ్బాయి వెళ్ళిపోయాడు.

విమల నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఆ కుటుంబాన్ని చూసి రావడానికి వెళ్ళలేదు. బడికి సెలవు లేదని చెప్పుకున్నాను. ఆదివారాలకు సెలవు అక్కరలేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. ఫోన్‌లో ఆ మొదటి స్థానాన్ని మూడు నెలల దాకా తీసెయ్యలేదు.

ఆమె సైకిల్ ఏడాది పాటు బాల్కనీలో ఉంది. తడి బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి దాని మీది బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి.

“ఆ వడ్లోల్ల ఊరికి పోవాలె,” అంది విమల. “మెల్లగ పోవాలె. నాకు యాడ ఆగబుద్ధయితె ఆడ ఆగుత. నువ్వు నా వెనక ఉండు.”

ఆదిభట్ల

మొదటి రోజు సాగర్ రోడ్డు మీద ఆమె ముందు, నేను వెనక. మనిషి వెనకాల తొక్కడం నాకు రాదని పది నిమిషాల్లో తెలిసింది. నా చక్రం ఆమె చక్రానికి మూరెడు దూరంలోకి పోతుండేది.

“ఏం సారూ, మీదికి ఎక్కుతవా?” అంది వెనక్కి తిరగకుండానే.

ఆదిభట్ల దగ్గర కంపెనీ బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. మెడలో గుర్తింపు కార్డులు వేలాడుతున్న పిల్లలు రోడ్డు పక్క బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటున్నారు. నేను ఎప్పుడూ ఇక్కడ ఆగలేదు. విమల ఆగింది. ఇడ్లీ పెట్టే ఆమె పేరు, ఊరు, ఆమె ఎన్నింటికి పిండి రుబ్బుతుంది, అన్నీ అయిదు నిమిషాల్లో తెలుసుకుంది. నలభై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, అడిగినంత పల్లీ చట్నీ. మా కాలనీలో రెండోసారి చట్నీ అడిగితే గిన్నె వంక చూస్తారు. ఇక్కడ అడగకముందే పోసింది.

“గీ వయసుల సైకిల్ ఎందుకక్కా?” అని అడిగింది ఆమె.

“మోకాళ్ళు పోయినంక తొక్కలేం గద,” అంది విమల.

చెరువు కట్ట

ఇబ్రహీంపట్నం చెరువు దగ్గర ఎన్నిసార్లు ఆగినా దాన్ని నేను చూసిందల్లా ఎడమ చేతి వైపు మెరిసే ఒక తెల్లటి గీతగా. ఈసారి కట్ట మీద సైకిళ్ళు ఆపి రెండు గంటలు కూర్చున్నాం. నీళ్ళు నిండుగా ఉన్నాయి. గాలికి చిన్న అలలు కట్ట రాళ్ళకు తగిలి, పిల్లి పాలు తాగుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. ఒకాయన థర్మకోల్ పలకలు కట్టిన తెప్ప మీద కూర్చుని, చేతులనే తెడ్లుగా చేసుకుని ఒడ్డుకు వచ్చాడు. తెప్ప మీద వల, వలలో పది దాకా చేపలు.

“ఏం పడ్డయే అన్నా?” అని అడిగింది విమల.

“రవ్వలు పడ్డయి. ఒక్క కొర్రమట్ట పడ్డది. అది అమ్మ.”

“ఎందుకమ్మవ్?”

“ఇంట్ల బాలింత ఉన్నది. బిడ్డ బిడ్డ.” కూతురు ప్రసవించిందని చెప్పడం అది. చెప్పినప్పుడు ఆయన ముఖం తుడుచుకున్నాడు, నీళ్ళకో, సంతోషానికో.

పుట్టింది ఆడపిల్లా మగపిల్లాడా, ఎన్ని కిలోలు, తల్లికి పాలు పడ్డాయా అని విమల అడుగుతూనే ఉంది. నేను అలవాటు కొద్దీ చేతి గడియారం చూసుకున్నాను. ఆమె గమనించింది. గడియారం తీసి సంచిలో వేశాను. ఇది గొప్పగా చెప్పడం లేదు. ఆమె చూసింది కాబట్టి తీశాను.

ఆ రాత్రి మంచాలలో, నాతో పనిచేసే ఒక మాస్టారు ఖాళీగా ఉంచిన గదిలో పడుకున్నాం.

మంచాల

రెండో రోజు పొద్దున సైకిల్ బయటికి తీసేసరికి నా వెనక టైరు చప్పబడి ఉంది. తుమ్మ ముల్లు. గుంపులో టైరు విప్పడంలో నేను నిపుణుణ్ణి అని పేరు. విమల చూస్తున్నదని ఇంకా త్వరగా చెయ్యబోయి కొత్త ట్యూబును రిమ్ముకు, టైరుకు మధ్య నొక్కేశాను. అది కూడా చీలింది.

పంక్చర్ దుకాణం ఆయన నా ట్యూబును వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగులోకి చూశాడు.

“సారూ, ఇది ట్యూబా, కోడి పేగా?”

విమల నోటికి ఎర్ర చున్నీ అడ్డం పెట్టుకుంది.

“ఎంత పడ్డదే గీ సైకిల్కు?” అని అడిగాడు. చెప్పాను. ఆయన తన మోటార్ సైకిల్ వంక, నా సైకిల్ వంక చూసి, “గంతల నా అసొంటి బండ్లు రెండొస్తయి. మరి ఇంజన్ యాడున్నది?” అన్నాడు.

“ఇంజన్ నేనే,” అన్నాను.

“అవ్, కనబడ్తున్నది. గర్రు గర్రు అంటున్నవ్.”

నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ వచ్చిన చోట ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి రబ్బరు ముక్క అతికించాడు. ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఆ అతుకు మీదే మిగిలిన దారంతా తొక్కాను.

ఆరుట్ల

ఆరుట్ల రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్ముతున్నారు. కాలం అయిపోవచ్చింది కాబట్టి కాయలు చిన్నవి, కళ్ళు మాత్రం బాగా విచ్చుకున్నాయి. బుట్ట రెండు వందలు చెప్పింది ముసలమ్మ. విమల బేరం ఆడకుండా కొనడం నేను మొదటిసారి చూశాను. అవి ఆ ఇంటి వాళ్ళకు. సంచిలో ఇంకో పొట్లం కూడా ఉంది. చేతికి గుడ్డ కట్టిన పెద్దామె కోసం విమల కంటి కొలతతో కుట్టిన రవిక. విమల ఇంట్లో కుట్టుపని చేస్తుంది. విరిగిన చెయ్యి మళ్ళీ మిషన్ మీదికి రావడానికి ఆరు నెలలు పట్టింది. మొదట కుట్టింది ఆ రవికే.

మిర్చి బజ్జీల బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాం. విమల బజ్జీలో మిరపకాయ తీసి కాగితం మీద పెట్టి, నా వంక చూడకుండా చెప్పింది.

“వాళ్ళకు నువ్వున్నట్టు తెల్వదు.”

“అంటే?”

“నేను ఒక్కదాన్నే వచ్చిన అని చెప్పిన.”

“ఎందుకట్ల చెప్పినవ్?”

“మరేం చెప్పాలె? చెయ్యి ఇరిగి పడుకున్న. ఎవలొచ్చిన్రు ఎంబడి అని అడిగిన్రు. మొగుడు ఇడిసిపెట్టి పోయిండని చెప్పాల్నా?” మిరపకాయను నా వైపు జరిపింది. కారం నాకిష్టం. “నువ్వు ఈడికి రావుడు ఇదే మొదలు అన్నట్టు ఉండు. గమ్మున ఉంటె చాలు.”

నాకు మొదట కలిగింది ఊరట. ఏడాదిగా ఆ ఇంటి వాళ్ళ ముఖం ఎలా చూడాలని భయపడుతున్నవాడికి, ఆ భయం అక్కరలేదని తేలింది. సిగ్గు తరవాత వచ్చింది. అది కూడా బజ్జీలు తిన్నాక.

వడ్ల ఊరు

ఆరుట్ల దాటాక గుట్టలు దగ్గరికి జరుగుతాయి. రాళ్ళ మధ్య నుంచి మోదుగ, సీతాఫలం చెట్లు. ఒక కుంట, దాని చుట్టూ కోసిన మడులు, మళ్ళీ అడవి. అక్కడి నుంచి వడ్లు మొదలయ్యాయి. ఎండకు రోడ్డు సగం పసుపు, సగం నలుపు. విమల దిగింది. నేనూ దిగాను. దాటాక ఎక్కాం. మళ్ళీ దిగాం. నాలుగో ఆరబోత దగ్గర ఒక మలుపులో ఆమె ఆగి, “గిదే రాయి,” అంది. మామూలు రాయి. రెండు పిడికిళ్ళంత. ఇది ఆ రాయి కాకపోవచ్చు. అలాంటివి అక్కడ వంద ఉన్నాయి. కానీ వంగి దాన్ని ముట్టుకున్నాను.

ఆ ఊరి పేరు రాయను. పదిహేను ఇళ్ళుంటాయి. పేరు రాస్తే నాలాంటి వాళ్ళు వడ్ల మీదుగా తొక్కుకుంటూ వస్తారు.

విమలను చేరదీసిన ఆమె పేరు మహబూబ్బీ. డెబ్బై ఏళ్ళు ఉండవచ్చు. రెండెకరాల వరి, నాలుగు మేకలు, ట్రాలీ ఆటో నడిపే కొడుకు జానీ. తాతల కాలం నుంచి అక్కడే సేద్యం. మేము వెళ్ళేసరికి ఆమె కాళ్ళకు చెప్పులు లేకుండా వడ్లలో నడుస్తున్నది. పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ నడిస్తే గింజలు చాళ్ళు చాళ్ళుగా విడిపోయి కింది తడి పైకి వస్తుంది. విమలను చూసి చాలు మధ్యలో ఆగిపోయింది.

“అల్లా! సైకిలమ్మా! చెయ్యి ఏది, చూపియ్యి ముందుగాల.”

చెయ్యి తిప్పి, వంచి, వేళ్ళు నొక్కి చూసి తృప్తి పడ్డాక నన్ను చూసింది. “ఈయనెవలు?”

“మా ఇంటాయన,” అంది విమల.

“మంచిగ చేసినవ్ కొడుకా. ఒంటరిగ పోనియ్యకుంట ఎంబడి వచ్చినవ్. నీ అసొంటోడు దొరికితె ఏ ఆడిదానికి ఫికర్ ఉండది.”

నేను తల ఊపాను. ఆ ఊపిన తలను ఇప్పుడు తలచుకుంటే నాకే కొట్టాలనిపిస్తుంది.

రవిక ఆమెకు సరిగ్గా సరిపోయింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. జానీ కోడిని కోశాడు. బగారా అన్నం, కోడికూర. కూరలో ఎండుకొబ్బరి, గసాలు మెత్తగా నూరి వేశారు. మా ఇంట్లో అతిథికి ముందు పెట్టి, మేము తరవాత తింటాం. ఇక్కడ ఒకే పెద్ద పళ్ళెంలో అన్నం పోసి అందరినీ చుట్టూ కూర్చోమన్నారు. నా వైపు మెత్తటి ముక్కలు జరుపుతూనే ఉంది మహబూబ్బీ. నా మంచితనానికి అవి బహుమానం. తిన్నాను.

అప్పుడు పక్కింటామె గుమ్మంలో నిలబడి విమలను కింది నుంచి పైదాకా చూసింది.

“ఈమేనా, పోయినేడు ఒక్కతే అడివిల పడి తిరిగిన పిచ్చామె?”

“గామెనే,” అంది మహబూబ్బీ. విమల వైపు తిరిగి వేలు చూపించింది. “నీకు ఇప్పుడు గుడ చెప్తున్న బిడ్డా. బుద్ధి ఉన్నోళ్ళు చేసే పనేనా అది? ఇంట్ల మొగుడికి చెప్పకుంట, తోడు లేకుంట. నీకేమన్న అయితె ఈయన గతేం కావాలె? ఈయన ముఖం చూడు, ఎంత మంచిగున్నది!”

“తప్పయింది పెద్దమ్మా,” అంది విమల తల వంచుకుని, అన్నం కలుపుతూ.

నా చేతిలో ముద్ద ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టేశాను.

“ఆమె ఒక్కతే రాలేదు,” అన్నాను. “నేను ఉన్న. నేనే ఇడిసిపెట్టి పోయిన.”

జానీ నమలడం ఆపాడు. మహబూబ్బీకి మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను, మలుపు దగ్గర ఆగుతానని చెప్పి ఆగలేదని.

“ఎందుకు పోయినవ్?” అని అడిగింది.

“టైం కోసం.”

“ఏం టైం? బస్సుండెనా?”

“లేదు.”

“దవాఖానల ఎవలన్న ఉండిరా?”

“లేదు. ఆ దిగుడు ఎవలు జల్ది దిగుతరో ఫోన్ల పేర్లొస్తయి. నా పేరు పైన రావాలని.”

“వస్తె ఏమిస్తరు?”

“ఏమియ్యరు.”

ఆమె కాసేపు నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేవాణ్ణి. బడిలో ఎంత చెప్పినా లెక్క రాని పిల్లవాణ్ణి నేను ఎలా చూస్తానో అలా చూసింది.

“ఆ దినం నువ్వు దొరికితె కట్టె అందుకుంటుంటి,” అంది చివరికి. “తిను. అన్నం మీద అలగొద్దు.”

మెత్తటి ముక్కలు మాత్రం మళ్ళీ నా వైపు రాలేదు.

పొద్దు వాలినంక

నాకు గుండె తేలికపడింది. ఎంత తేలికపడిందంటే, సాయంత్రం మంచు పడకముందే వడ్లు కుప్ప చెయ్యడానికి అందరూ రోడ్డు మీదికి వచ్చినప్పుడు నేను అందరికంటే ముందు చెక్క పలక అందుకున్నాను. జానీ, నేను చెరో వైపు నుంచి నెట్టుకొచ్చాం. ఆడవాళ్ళు చీపుర్లతో అంచులు ఊడ్చారు. పొద్దు గుట్ట వెనక్కి పోయేసరికి రోడ్డు పొడుగునా కుప్పలు, వాటి మీద నల్లటి పట్టాలు, పట్టాల మీద మళ్ళీ అవే రాళ్ళు.

విమల కల్వర్టు గోడ మీద కూర్చుని కాళ్ళకు అంటిన నూగు దులుపుకుంటున్నది. పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంటుందని కూడా అనుకున్నాను.

“ఎందుకు చెప్పినవ్?” అంది.

“నిన్ను పిచ్చిదంటుంటె ఎట్ల ఊకుంట? నిజం చెప్పిన.”

“నీ బరువు దిగింది. నాకేం మిగిలింది?”

నాకు అర్థం కాలేదు. ఆమె గోడ మీద నుంచి దిగి నా ఎదురుగా నిలబడింది.

“నీ ఇజ్జత్ కోసమే మొదలు అబద్ధమాడిన. కాని తర్వాత గది నాకు మంచిగనిపించింది. పెండ్లయి ఇరవై ఆరేండ్లు, నేను ఒక్కదాన్నే ఏడికన్న పోయిన్నా? పుట్టింటికి పోతె నువ్వు, అంగడికి పోతె నువ్వు, సైకిల్ నేర్చుకుంటె నువ్వు. గీ పదిహేను ఇండ్ల ఊర్ల నేను అడివికి ఒక్కతే వచ్చిన ఆడిదాన్ని. పిచ్చిదన్నా ఒక్కతే వచ్చిందనే అన్నరు. సైకిలమ్మా అని పేరు పెట్టిన్రు. ఇంట్ల చెయ్యి నొచ్చినప్పుడల్ల గది యాది చేసుకుంటుంటి. గిప్పుడు ఏమైన? మొగుడు ఇడిసిపెట్టి పోతె రోడ్డు మీద పడ్డదాన్ని అయిన.”

ఒప్పుకోవడం మంచి పనే. కానీ ఒప్పుకునే ముందు ఆమె వంక ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది. అప్పుడూ నేను చూసుకున్నది నా సంగతే. దిగుడు దిగినప్పుడు ఎలా వెనక్కి చూడలేదో, అన్నం ముందు కూర్చుని నిజం చెప్పినప్పుడూ అలాగే చూడలేదు.

“తప్పయింది,” అన్నాను. ఆ మాట మధ్యాహ్నం ఆమె నా బదులు అన్న మాటే.

విమల, లోపల మహబూబ్బీ పడకలు వేస్తూ పిలిస్తే వెళ్ళిపోయింది.

మూడో రోజు, గంట

పొద్దున చాయ్ తాగేసరికి విమల తల మీద హెల్మెట్ పెట్టుకుని సిద్ధంగా ఉంది.

“నేను ముందుగాల పోత,” అంది. “నువ్వు గంటాగి రా.”

“ఒక్కదానివేనా?”

“అవ్.”

“ట్రాలీల ఎంబడి రావాల్నా అక్కా?” అని అడిగాడు జానీ.

“వద్దు తమ్మీ. సైకిల్కు ఏమన్నయితె ఫోన్ చేస్త. సిగ్నల్ లేకుంటె నడుస్త.” నా వైపు చూసింది. “చెరువు కాడ ఆగుత.”

మహబూబ్బీ ఆమె తల మీద చెయ్యి పెట్టి ఏదో చదివి ఊదింది. సైకిల్ మొదటి ఆరబోత దాకా పోయింది. విమల దిగింది, అంచున నడిపించింది, ఎక్కింది, మలుపు తిరిగింది. ఇంక కనిపించలేదు.

ఇరవై నిమిషాలు కూడా కాకముందే నేను హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాను. ముందు చక్రం జారితే? కుక్కలు వెంటబడితే? చెయ్యి మళ్ళీ అదే చోట విరిగితే?

“కూసో,” అంది మహబూబ్బీ. “గంట అన్నది గద.”

“భయమైతున్నదమ్మా.”

“ఆ దినం ఆమెకు కాలేదా?” చెప్పులు విడవమని నా కాళ్ళ వైపు చూపించింది. “వడ్లల్ల నడువు. ఊకె కూసుంటె భయం ఎక్కువైతది.”

పాదాలు ఈడుస్తూ నడిచాను. పైన గింజలు వెచ్చగా ఉన్నాయి, లోపల ఇంకా రాత్రి చల్లదనం. నా చాళ్ళు వంకరగా పోయాయి. జానీ చూసి, “లెక్కల సారు గీత సక్కగ గీస్తలేడు,” అని తల్లితో అన్నాడు. ఆమె నవ్వింది. నిన్నటి నుంచి నా సమక్షంలో ఆమె నవ్వడం అదే మొదలు. గంట అయిందని ఆమే చెప్పింది. గోడ నీడ గడప దగ్గరికి రావడం ఆమెకు గుర్తు.

తిరుగు దారి

ఆ దిగుడును నేను బ్రేకులు పట్టుకుని దిగాను. ప్రతి మలుపులోనూ రోడ్డు అంచును, కాలువను వెతుకుతూ దిగాను. పొదల్లో విమల చున్నీలా ఎర్రటిది ఏది కనిపించినా సైకిల్ ఆపాను. ఒకచోట ప్లాస్టిక్ సంచి, ఒకచోట పూల తీగ. వడ్ల దగ్గర అంచు మట్టిలో సన్నటి చక్రం గీత, పక్కనే బూట్ల అచ్చులు. అవి మళ్ళీ రోడ్డెక్కిన చోట ఊపిరి తీసుకునేవాణ్ణి.

మేకలు కాస్తున్న ఒకాయన నన్ను ఆపాడు. “ఇందాక ఒకామె గిసొంటి సైకిల్ మీదనే పోయింది. మేకలు ఎన్నని అడిగింది. నలభై అంటె, కాదు నలభై ఒకటి ఉన్నయన్నది. లెక్కవెడితె నిజంగనే ఒకటి ఎవలదో కలిసింది! మీ మనిషేనా?”

మా ఇంటామె అనే మాట నోటి దాకా వచ్చింది. “నేను గుడ అటే పోతున్న,” అన్నాను.

ఆరుట్లలో సీతాఫలాల ముసలమ్మ కూడా చెప్పింది, ఆమె రెండు కాయలు తిని పోయిందని, గింజలు కూడా రోడ్డు మీద పారేయకుండా మూట కట్టుకుందని. “ఒక్కతే!” అంది చివర, కళ్ళు పెద్దవి చేసి. మంచాలలో పంక్చర్ దుకాణం మూసి ఉంది. అక్కడ అడగడానికి ఎవరూ లేరు. అక్కడి నుంచి చెరువు దాకా నాకు తెలిసిన ప్రతి కష్టమైన ఎత్తూ సులువుగా అనిపించింది. చదునైన చోటల్లా మెడ చాచి ముందుకు వెతికాను.

కట్టకు అవతలి కొసన ఒక రేకుల పందిరి ఉంది. చేపలు వేయించి అమ్ముతారు. బయట వేపచెట్టుకు విమల సైకిల్ ఆనించి ఉంది. విమల బల్ల మీద కూర్చుని ఉంది, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని. ముఖం ఎండకు కందింది. మోకాలి దగ్గర మట్టి మరక. పొయ్యి దగ్గరి ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు.

“ఆ గుట్టలల్లకెల్లి ఒక్కదానివే వచ్చినవా అక్కా?” అని అడుగుతున్నది పొయ్యి దగ్గరి ఆమె.

“అవ్. ఒక్కదాన్నే.”

“భయం కాలేదా?”

“అయింది. పాట పాడుకుంట వచ్చిన. గొంతు పోయింది సూడు.”

నేను సైకిల్‌ని రోడ్డు అవతలి స్తంభానికి ఆనించాను. పందిరిలోకి వెళ్ళి, ఆమె బల్లకు దూరంగా, నీళ్ళ కుండ పక్కన ఉన్న బల్ల మీద కూర్చున్నాను. విమల నన్ను చూసింది. నేను ఆమె రెండు చేతులూ బాగానే ఉన్నాయని మాత్రం చూసుకున్నాను.

“నువ్వు ఏడికెల్లి సారూ?” అని అడిగింది పొయ్యి దగ్గరి ఆమె.

“అటు దిక్కు నుంచే,” అన్నాను.

ఆమె నా హెల్మెట్ వంక, విమల హెల్మెట్ వంక చూసింది. పెనంలో నూనె చిటపటలాడుతున్నది. కారం పట్టించిన రవ్వ ముక్కలు తీసి ఒకటి విమల పళ్ళెంలో వేసింది, ఇంకొకటి నా కోసం గరిటె మీదికి తీసుకుంది.

విమల ఆ గరిటె వంక చూసింది.

“అది కాదు చెల్లె,” అంది. “ఆయనకు జర పెద్ద ముక్క వెయ్యి. మస్తు దూరం తొక్కి వచ్చినట్టున్నడు.”